అంబాసిడరు, మారుతి: బరువెక్కడ, బలమెక్కడ?

ముదిగొండ చుట్టుపట్ల రేగడి చేల దారులలో గట్టి వాన పడినచో బండి చక్రము ఇరుసు వరకు దిగును. అట్టి దారిన ఖమ్మము ఆసుపత్రికి రోగిని చేర్చవలసినపుడు ఏ కారు మేలనునది ఉబుసుపోక ప్రశ్న కాదు. పాత అంబాసిడరును, దాని తరువాత వచ్చిన మారుతి 800ను ప్రక్కప్రక్కన నిలిపి చూతము.

అంబాసిడరును కలకత్తా చేరువనున్న ఉత్తరపారాలో హిందుస్తాన్ మోటార్సు వారు, ఇంగ్లండు కారైన మారిస్ ఆక్స్‌ఫర్డును అనుసరించి నిర్మించిరి. 1959 నుండి దాని ఇంజను 1,489 ఘన సెంటీమీటర్లు. సుజుకి వారి సహకారముతో గుర్గావ్‌లో తయారైన మారుతి 1983 డిసెంబరులో వచ్చినది. ఇంజను 796 ఘన సెంటీమీటర్లే. మొదటిది పదకొండు వందల కిలోలకు పైబడినది. రెండవది సుమారు 650.

అసలు భేదము ఈ అంకెలలో లేదు. అంబాసిడరులో ఇంజను ముందున్నను, పొడవైన ఇరుసుకడ్డీ ద్వారా వెనుక చక్రములు త్రిప్పబడును. అనగా బండిని వెనుకనుండి నెట్టినట్లు. మారుతిలో ముందు చక్రములే ఎడ్లవలె లాగును. ఇంజను బరువు వానిపైననే ఉండుటచే ఖాళీ కారు బురదలో చక్కగా పట్టు చూపును. దిగబడినను నలుగురు పట్టి జరుపగలరు; అంబాసిడరుకు ట్రాక్టరు రావలసినదే! కాని భద్రాచలము వైపు అడవిలో, వెనుక సీటు నిండుగా, తడి ఎత్తు ఎక్కునపుడు కథ మారును. బరువు వెనుకకు ఒరగి మారుతి ముందు చక్రములు ఊరక తిరుగును. ఆ బరువే అంబాసిడరు చక్రములను నేలకు అదుమును. ఖాళీ అంబాసిడరు డిక్కీలో ఇసుక బస్తాలు వేసినచో పట్టు హెచ్చుటకు కారణమిదియే.

మందపు రేకు గనుక ప్రమాదములో అంబాసిడరే కాపాడునను నమ్మకమును మేము పూర్తిగా అంగీకరింపజాలము. తేలిక బండిని ఢీకొన్నపుడు బరువు కొంత మేలు చేయును. చెట్టును ఢీకొన్నపుడు మాత్రము, నలుగని ముందుభాగము దెబ్బను మ్రింగక లోని మనుష్యులకే చేర్చును. మారుతికి మ్రింగుటకు ముందుభాగమే పొట్టి. నడుముకు, భుజమునకు బెల్టు లేనిదే రెండింటను ఒకటే భయము.

2014లో రెండింటి తయారీయు నిలిచినది. పాత బండి కొనదలచినవారు రంగు మెరుపును విడిచి, మారుతియైనచో అడుగు రేకు తుప్పును, అంబాసిడరైనచో వెనుక పట్టీ స్ప్రింగులను వంగి చూడవలెను.