పుట్టి, తులము, కిలోగ్రాము

మన యిండ్లలో నేటికిని ‘పుట్టెడు దుఃఖ’మనియు, ‘పదహారణాల తెలుగు’ అనియు పలుకుచున్నాము. పుట్టియు, అణాయు చట్టమునుండి తొలగి అర్ధశతాబ్దము దాటినది. నోటినుండి మాత్రము తొలగలేదు. ఈ మార్పు ఎట్లు జరిగినదో, దాని అవసరమేమో విచారింతము.

పూర్వము ధాన్యమును కొలిచెడివారము, బెల్లమును తూచెడివారము. కొలతలో 4 మానికలు కుంచము, 4 కుంచములు తూము, 20 తూములు పుట్టి. తూనికలో 3 తులములు పలము, 40 పలములు వీసె, 8 వీసెలు మణుగు. లెక్క చక్కనిదే, చిక్కు వేరొకటి. ఒక సీమ కుంచము మరియొక సీమ కుంచముతో సరిపోదు. కుంచమును రాశిగా నింపిన ఒక కొలత, అంచుతో సమముగా త్రోసివేసిన మరియొక కొలత. మణుగన్నను అంతే. మన మణుగు సుమారు 11 కిలోగ్రాములు. ఉత్తరదేశమునందలి 40 సేర్ల మణుగు 37 కిలోగ్రాములకు మించును. ఈ తేడా ఎవరికి భారము? కుంచము చేతబట్టినవానికి కాదు. ఎదుట కొంగు పట్టి నిలిచినవారికే.

1956లో పార్లమెంటు తూనికలు, కొలతల ప్రమాణముల చట్టము చేసెను. అయినను పాతదానిని ఒక్క దినమున తుడిచివేయలేదు. ముందుగా నాణెములు మారెను. 1957 ఏప్రిల్ 1 నుండి రూపాయికి 100 నయాపైసలు. లెక్కకు అణా ఆరుంబావు నయాపైసలు. పావు పైసకు నాణెము లేదు. కావున అణాకు 6, బేడకు 12, మూడణాలకు 19, పావలాకు 25 అని నిర్ణయించిరి. నాలుగణాలను విడివిడిగా మార్చుకొన్న 24 పైసలే వచ్చును. ఒక్కమారు మార్చుకొన్న 25. ఆనాడు గృహిణులు ఒక్క పైసకై వాదించుట అకారణము కాదు.

పిమ్మట 1958 అక్టోబరు నుండి కొన్ని ప్రాంతములలో కిలోగ్రాము ప్రవేశించెను. ప్రజలకు అలవాటగువరకు పాత రాళ్లును, కొత్త రాళ్లును కొంతకాలము ప్రక్కప్రక్కనే చెల్లెను. 1962 ఏప్రిల్ నుండి మెట్రిక్ తూనికలు దేశమంతట నిర్బంధమయ్యెను.

చట్టము రాళ్లను మార్చగలిగినది, పేర్లను మార్చలేకపోయినది. పాత తులము సుమారు 11.66 గ్రాములు, నేడు బంగారపు అంగడిలో తులమన్న 10 గ్రాములే. పేరు విని పాత బరువును తలచుకొన్న నష్టపోవుదుము. కావున దుఃఖమును పుట్లతోనే కొలుచుకొన్నను, బంగారమును మాత్రము గ్రాముల అంకె చూచియే కొందము.