చదివింది ఎక్కడికి పోతుంది?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు ఫోన్ చేసినప్పుడు హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామనే అనుకున్నాం. కానీ నీళ్ల చారు, ఆదివారం కోడికూర, గోడ దూకి చూసొచ్చిన సినిమా ప్రతి సంచికలోనూ వస్తూనే ఉంటాయి. ఆ జ్ఞాపకాలు అసలు తలలో ఎలా నిలుస్తాయో రాస్తే ఇప్పుడు చదువుకుంటున్న తమ్ముళ్లకు కాస్తయినా పనికొస్తుందనిపించింది. మా ఇంట్లో డిగ్రీ చదివింది మేమే మొదలు. ఆ తర్వాత జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చేశాం. రెండేళ్లపాటు నాడీవ్యవస్థ పాఠాలు చదువుతుంటే మాకు మన వరండాలోని స్టడీ అవరే కళ్ల ముందు కదిలింది. అందులో మా పక్కనే కూర్చుని చదివి, పదో తరగతి దాటలేకపోయిన మిత్రుడొకడు కూడా కనిపించాడు.

ఉదయం నాలుగున్నరకు బెల్లు. దుప్పట్లు మడిచి, వరండాలో బారుగా కూర్చొని అందరం ఒకేసారి గొంతెత్తి చదివేవాళ్లం. ఎవరి పుస్తకం వారిది, ఎవరి రాగం వారిది. నోరు మెదపనివాడు నిద్రపోతున్నట్టే లెక్క. అందరికంటే గట్టిగా చదివేవాడు మా రూములో వాడే. పేరు రాస్తే బాగుండదు. మొదటి ప్రపంచ యుద్ధానికి కారణాలు: మితిమీరిన జాతీయవాదం, సామ్రాజ్యవాదం, రహస్య ఒప్పందాలు, సైనికవాదం. ఈ నాలుగింటినీ వాడు ఒక్క రాత్రిలో ముప్పైసార్లయినా చదివి ఉంటాడు. వాడి నోట విని విని మాకు వచ్చేశాయి. వాడికి మాత్రం పరీక్షలో రెండోదాని దగ్గరే ఆగిపోయేది. ఒకరోజు క్లాసులో ఒక సారు, "నీ బుర్రలో మట్టి తప్ప ఏమీ లేదురా" అన్నారు. క్లాసంతా నవ్వింది. మేమూ నవ్వాం. పబ్లిక్ పరీక్షల్లో వాడికి సోషల్ పోయింది. సప్లిమెంటరీకి ఫీజు కూడా కట్టలేదు. "నాకు గుర్తుండదురా, నా తల అంతే" అని లారీ క్లీనరుగా వెళ్లిపోయాడు.

వాడి తల నిజంగా అంతేనా? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ చదివిన సంగతులే ఇవి.

జ్ఞాపకశక్తి అంటే మన ట్రంకుపెట్టె లాంటిదని చాలామంది అనుకుంటారు. కొందరిది పెద్ద పెట్టె, కొందరిది చిన్నది; లోపల పడేస్తే ఉంటుంది, మూత తీస్తే దొరుకుతుంది. మెదడులో అలాంటి పెట్టె ఏదీ లేదు. ఉన్నవి దాదాపు 8,600 కోట్ల నాడీకణాలు. ఒక్కో కణం వేల కణాలతో కలుస్తుంది. కలుస్తుందంటే అతుక్కుపోతుందని కాదు, మధ్యలో కంటికి కనిపించనంత సన్నని ఖాళీ ఉంటుంది. అదే నాడీకణ సంధి, సైనాప్స్ అంటారు. మార్కుల కోసం బొమ్మ వేసి మరిచిపోయాం కదా, అదే. ఒక కణంలో విద్యుత్తుగా వచ్చిన సంకేతం ఆ చివర రసాయనాలను వదులుతుంది, అవి ఖాళీని దాటి అవతలి కణాన్ని లేపుతాయి. మనం ఒక విషయం నేర్చుకున్నామంటే తలలోకి కొత్త వస్తువేదో వచ్చి చేరినట్టు కాదు. కొన్ని కణాల మధ్య సంధులు బలపడ్డాయన్నమాట. చేలో నలుగురూ నడిచినచోట బాట పడ్డట్టు, సంకేతం పదేపదే దాటినచోట దాటడం తేలికవుతుంది. ఇలా జరుగుతుండాలని కెనడా శాస్త్రవేత్త డొనాల్డ్ హెబ్ 1949లో ఊహించారు. 1973లో బ్లిస్, లోమో అనే ఇద్దరు కుందేళ్ల మెదడులో ప్రయోగం చేసి సంధులు నిజంగానే బలపడతాయని చూపించారు.

ఎరిక్ కాండెల్ ఇంకో అడుగు ముందుకు వేశారు. ఆయన ఎంచుకున్నది మనిషిని కాదు, అప్లీసియా అనే సముద్రపు జీవిని. మన నత్తకు చుట్టం. దానికున్న నాడీకణాలు సుమారు 20,000 మాత్రమే. కాసేపు నిలిచే జ్ఞాపకానికి ఉన్న సంధుల్లో రసాయన మార్పు జరిగితే చాలు; రోజుల తరబడి నిలవాలంటే మాత్రం కణం కొత్త ప్రోటీన్లు తయారు చేసుకోవాలి, కొత్త సంధులు పెరగాలి అని ఆయన తేల్చారు. 2000లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ అందుకున్నారు. తమ్ముళ్లు ఈ మాట దగ్గర కాస్త ఆగాలి. జ్ఞాపకం అంటే ఒక కట్టుబడి పని. గోడ కట్టాక నీళ్లు పట్టి ఆరనిచ్చినట్టే దీనికీ సమయం కావాలి. రేపు పరీక్ష అనగా ఈ రాత్రి పుస్తకం పట్టుకుంటే ఆ సమయం ఎక్కడిది?

ఈ కట్టుబడి మెదడులో ఎక్కడ మొదలవుతుందో ఒక మనిషి కష్టం వల్ల తెలిసింది. అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడు తీవ్రమైన మూర్ఛలతో బాధపడేవాడు. 1953లో, అతనికి 27 ఏళ్లప్పుడు, విలియం స్కోవిల్ అనే సర్జన్ మెదడుకు రెండు వైపులా కణతల లోపలి భాగం కొంత తొలగించారు. అందులో హిప్పోకాంపస్ చాలావరకు పోయింది. మూర్ఛలు తగ్గాయి. కానీ ఆ రోజు తర్వాత జరిగిందేదీ అతని తలలో నిలవలేదు. చిన్ననాటి సంగతులు చెప్పేవాడు, చక్కగా మాట్లాడేవాడు. అప్పుడే పలకరించి వెళ్లిన మనిషి తిరిగి లోపలికి వస్తే మాత్రం కొత్తవాళ్లనుకునేవాడు. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి అతన్ని పరీక్షించారు, కలిసిన ప్రతిసారీ ఆమె అతనికి కొత్తే. ఒకసారి ఆమె అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ చుట్టూ గీత గీయమన్నారు. తిరగబడి కనిపిస్తుంది కాబట్టి మొదట ఎవరికైనా కష్టమే. మూడు రోజుల్లో అతని చేయి చక్కగా తిరిగింది. అంతకుముందు ఎప్పుడైనా గీశావా అంటే లేదనేవాడు! 2008లో చనిపోయేవరకు ప్రపంచానికి అతను హెచ్.ఎం. అనే రెండక్షరాలుగానే తెలుసు.

అతని వల్ల రెండు సంగతులు బయటపడ్డాయి. కొత్త సంగతులను పట్టుకోవడానికి హిప్పోకాంపస్ కావాలి, కానీ పాతబడిన జ్ఞాపకాలు మెదడు పైపొరలో వేరే చోట్ల నిలదొక్కుకుంటాయి. రెండోది, జ్ఞాపకం ఒకటే రకం కాదు. ఈత, సైకిలు, తాపీ పని లాంటి చేతి విద్యల దారి వేరు, సోషల్ ప్రశ్నల దారి వేరు.

ఇక మరుపు సంగతి. జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే ఆయన అర్థంలేని అక్షరాల ముక్కలను వరుసలుగా పేర్చి, తానే బట్టీపట్టి, తానే మరిచిపోయి, మళ్లీ నేర్చుకోవడానికి ఎంత శ్రమ తగ్గిందో లెక్క కట్టారు. 1885లో పుస్తకం వేశారు. ఇరవై నిమిషాలకు శ్రమలో 58 శాతం ఆదా అయింది. గంటకు 44, ఒక రోజుకు 34, నెలకు 21. అంటే పోయేదంతా మొదట్లోనే గబగబా పోతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. ఇది బుర్రలో మట్టి ఉన్నవాడి లెక్క కాదు, ఒక జర్మన్ పండితుడి లెక్క. నెల తర్వాత కూడా ఐదో వంతు మిగిలిందన్నది గమనించండి. పూర్తిగా పోయిందనుకున్న పాఠం రెండోసారి తొందరగా వస్తుంది. ఆయన ఇంకో సంగతి కూడా రాశారు. ఒకే రోజు వరుసగా 68 సార్లు చదివితే వచ్చిన ఫలితం, మూడు రోజులకు పంచుకుని చదివితే 38 సార్లకే వచ్చిందట. మన హాస్టల్లో ఈ లెక్క ఎవరైనా చెప్పి ఉంటే ఎంత కిరోసిన్, ఎంత కరెంటు మిగిలేవో!

కానీ మా మిత్రుడి విషయంలో అసలు చిక్కుముడి విప్పింది 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు చేసిన ప్రయోగం. కాలేజీ విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చారు. కొందరు దాన్ని నాలుగు విడతలు చదివారు. కొందరు ఒక విడత చదివి, మిగతా మూడు విడతలు పాఠం చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లదే పైచేయి, 83 శాతానికి 71. వారం తర్వాత పెడితే తారుమారైంది. చదివినవాళ్లకు 40 శాతం గుర్తుంది, గుర్తుచేసుకున్నవాళ్లకు 61. మళ్లీ మళ్లీ చదువుతుంటే అక్షరాలు కంటికి అలవాటై 'వచ్చేసింది' అనిపిస్తుంది. ఆ అనిపించడమే మోసం. పుస్తకం మూసి, లోపలి నుంచి లాగినప్పుడే బాట గట్టిపడుతుంది.

అప్పుడు వరండా మళ్లీ గుర్తొచ్చింది. వాడు పుస్తకంలోకి చూస్తూ "రహస్య..." అనేలోపే మేము మా పుస్తకం మీద తల వాల్చి లోపల "ఒప్పందాలు" అనుకునేవాళ్లం. వాడు ముప్పైసార్లు చదివాడు. మేము ముప్పైసార్లు గుర్తుచేసుకున్నాం. తేడా తలలో లేదు.

ఇంతకంటే పెద్ద పాఠం మా ఇంట్లోనే ఉందని చాలా ఆలస్యంగా తెలిసింది. మా అమ్మకు సంతకం తప్ప చదువు రాదు. మిరపకోతల కాలంలో రోజుకో చేనుకు పోయేది, వారానికోసారి ముఠా పెద్ద దగ్గర లెక్క. రాత్రి పడుకునే ముందు పైకే చెప్పుకునేది: సోమవారం ఫలానా వాళ్ల చేను, మంగళవారం సగం పూట, బుధవారం ఇద్దరం, గురువారం వాన. మరునాడు మళ్లీ మొదటినుంచి, ఇంకో రోజు కలిపి. ముఠా పెద్ద కాగితం తప్పినా అమ్మ లెక్క తప్పేది కాదు. చాదస్తం అనుకునేవాళ్లం. రోజు విడిచి రోజు కాదు, ప్రతి రాత్రీ కాగితం లేకుండా పరీక్ష రాసుకుందని ఇప్పుడు అర్థమైంది.

నిద్ర గురించి రాయకుండా ముగించలేం. 1994లో విల్సన్, మెక్‌నాటన్ అనే శాస్త్రవేత్తలు ఎలుకలు తిరిగేటప్పుడు వాటి హిప్పోకాంపస్‌లో ఏ కణాలు కలిసి మేల్కొన్నాయో, నిద్రలో అవే కణాలు మళ్లీ కలిసి మేల్కొనడం చూశారు. పగటి పాఠాన్ని మెదడు రాత్రి తిరగేస్తుందన్నమాట. టీ తాగి తెల్లవార్లూ కూర్చోవడం గొప్ప అని మేము అనుకునేవాళ్లం, ఆ తిరగేసే పనిని మేమే చెడగొట్టుకున్నాం. చందాలు వేసుకుని కొన్న జ్ఞాపకశక్తి టానిక్కు తియ్యగా ఉండేది, అంతకుమించి చెప్పడానికేమీ లేదు. వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను మాత్రం కిటికీలోంచి విసరకండి. రక్తం తక్కువైతే ధ్యాస నిలవదు, ధ్యాస పెట్టనిది జ్ఞాపకం దాకా పోనే పోదు.

మా మిత్రుడు ఇప్పుడు లారీ డ్రైవరు. ఖమ్మం నుంచి నాగపూర్ దాకా ఎక్కడ మలుపు, ఎక్కడ గుంత, ఏ డాబాలో రాత్రి రెండింటికీ వేడి రొట్టె దొరుకుతుందో కళ్లు మూసుకుని చెబుతాడు. లండన్‌లో టాక్సీ నడపాలంటే నగరం నడిబొడ్డున దాదాపు 25,000 వీధులు గుర్తుండాలి. ఎలినార్ మెగ్వైర్ బృందం 2000లో ఆ డ్రైవర్ల మెదడు స్కాన్ చేస్తే హిప్పోకాంపస్ వెనుక భాగం మామూలు వాళ్లకంటే పెద్దదిగా కనిపించింది. పుట్టుకతోనే అలా ఉందేమో అనుకోవడానికీ లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్లను ఏళ్లపాటు గమనించి 2011లో ప్రకటించిన ఫలితాల్లో, నేర్చుకుని పాసైనవాళ్లకే అది పెరిగింది.

పోయిన సంక్రాంతికి కలిసినప్పుడు ఇదంతా వాడికి చెప్పాం. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఆ సారు అన్నది తప్పేనంటావా?" అన్నాడు. ఆ రోజు ఏ బెంచీలో కూర్చున్నాడో, ఆ సారు చేతిలో ఏ పుస్తకం ఉందో, ఎవరెవరు నవ్వారో వరుసగా చెప్పాడు. మా పేరు కూడా చెప్పాడు. భయం, అవమానం కలిగినప్పుడు మెదడులో అమిగ్డలా అనే భాగం హిప్పోకాంపస్‌ను గట్టిగా తట్టి లేపుతుంది, అందుకే అవి అంత లోతుగా దిగబడతాయి. ఆ మాట పుస్తకంలో చదివినప్పుడు మామూలుగానే చదివాం. వాడి ఎదుట కూర్చున్నప్పుడు తలెత్తలేకపోయాం.

వాడు ఓపెన్ స్కూల్లో పదో తరగతికి కట్టాడు. మొన్న రాత్రి ఆదిలాబాద్ దాటాక లారీ పక్కకు ఆపి ఫోన్ చేశాడు. పుస్తకం సీటు కిందే ఉంది, తీయలేదన్నాడు. మొదటి ప్రపంచ యుద్ధం కారణాలు మూడు చెప్పాడు. నాలుగోది రాలేదు.

"పుస్తకం తీయనా?"

"వద్దురా. కాసేపు చూడు."

పక్కనుంచి బండ్లు పోతున్న చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. తర్వాత ఫోన్ పెట్టేశాడు. మేము పడుకోబోతుండగా మెసేజ్ వచ్చింది, ఒకే మాట: సైనికవాదం.