ఐదు వంగడములు, పది పోలికలు

పెద్దాపురము చుట్టుపట్ల ఏలేరు నీటిక్రింద వరి పండించు రైతు కొత్త వంగడమునకు మారినచో ఒక పంటకాలమును పణముగా పెట్టినట్లే. కావున 'ఇది మిన్న' అను మాట ఎట్లు నిర్ధారణమైనదో మనము తెలిసికొనదగును.

1925లో నెలకొన్న మార్టేరు వరి పరిశోధన కేంద్రము వంటి చోట్ల, ఒక్కొక్క వంగడమును పెక్కు మళ్లలో, చీట్లు తీసినట్లు తావులు మార్చి నాటి, దిగుబడిని తూచుదురు. ఒకే విత్తనమును రెండు మళ్లలో చల్లినను పంట సరిసమానముగా రాదు. కావున కనబడిన తేడా విత్తనముదా, మడిదా అని పరీక్షింపవలయును. తేడా లేనిచోట ఉన్నదని పొరబడుట నూటికి 5 సార్లు మించరాదనునది వాడుకలోని కట్టడి.

రెండు వంగడములకు ఈ కట్టడి చాలును. ఐదింటిని జతజతగా పోల్చినచో పోలికలు 10 అగును. నిజమునకు ఐదును సమానములే అనుకొందము. ప్రతి జతకును నూటికి 5 చొప్పున సడలింపు ఇచ్చినచో, మళ్లు పెక్కు ఉన్నచో, ఏదో ఒక జతలోనైన మోసపోవు అవకాశము నూటికి సుమారు 29 అగును. చీట్లు పెరిగినకొలది ఏదో ఒకటి తగులుట వింత కాదుగదా!

విరుగుడు సులభమే. 5ను 10 చేత భాగించి, ఒక్కొక్క పోలికకు నూటికి అర వంతు మాత్రమే విడువవలయును. అప్పుడు మొత్తము పొరపాటు నూటికి 5 దాటదు. ఇది ఇటలీ గణితజ్ఞుడు బొన్‌ఫెరోని పేర ప్రసిద్ధము. అమెరికా దేశీయుడు టూకీ 1953లో జతల పోలికకు ఇంతకంటె నిశితమైన కొలత నిచ్చెను. ఆంధ్రదేశమున జన్మించి అమెరికాలో స్థిరపడిన పరుచూరి కృష్ణయ్యగారు, దిగుబడితోపాటు గింజ, గడ్డి వంటి పెక్కు గుణములను ఒక్కసారి పోల్చుటకు తగిన పరీక్షలను 1960లనాట రూపొందించిరి.

అయితే కట్టడి బిగించినకొలది నిజమైన తేడాయు మరుగుపడవచ్చును. అందులకు మళ్లు పెంచవలయును. పోలికలను నాటుటకు ముందే నిర్ణయింపవలయును. 1982లో విడుదలయైన స్వర్ణతో మాత్రమే తక్కిన నాలుగింటిని పోల్చదలచినచో, పోలికలు 4. ఒక్కొక్కదానికి నూటికి 1.25 వరకు విడువవచ్చును.

కావున 'ఇది మిన్న' అని ఎవరైన చెప్పినప్పుడు, 'ఎన్ని పోలికలు చూచి ఈ మాట చెప్పుచున్నారు?' అని మనము తప్పక అడుగవలయును.