కుట్లకు విశ్రాంతి... కాళ్లకు నడక!

పొట్ట తగ్గించే ‘టమ్మీ టక్’ సర్జరీ ఇప్పుడు పెద్ద నగరాలకే పరిమితం కాదు. చిన్న పట్టణాల వాళ్లూ నగరానికి వెళ్లి చేయించుకుని, రెండుమూడు రోజుల్లో ఇంటికి వచ్చేస్తున్నారు. అసలు జాగ్రత్త అవసరమయ్యేది ఆ తర్వాతే. ఇంట్లో ఎలా పడుకోవాలి? ఎలా లేవాలి? ఎప్పటి నుంచి నడవాలి?

మిరప కోతలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో ఓ నలభై ఏళ్ల గృహిణిని సత్తెనపల్లిలో మా ఆస్పత్రికి తీసుకొచ్చారు. ఉదయం బాత్రూమ్‌కి వెళ్లొచ్చి మంచం మీద కూర్చోగానే ఉన్నట్టుండి ఆయాసం మొదలైందట. ‘గర్భసంచి ఆపరేషనై పదకొండు రోజులైంది. గ్యాస్ పట్టేసినట్టుంది డాక్టరుగారూ’ అన్నారు అత్తగారు. చూస్తే రక్తంలో ఆక్సిజన్ 88 శాతమే ఉంది. గుండె నిమిషానికి 120 సార్లు కొట్టుకుంటోంది. ఎడమ పిక్క కుడిదానికంటే లావుగా, వేడిగా ఉంది.

అందర్నీ బయటికి పంపి అడిగాక ఆమె నోరు విప్పారు. జరిగింది గర్భసంచి ఆపరేషన్ కాదు, టమ్మీ టక్. ‘ఈ వయసులో సోకులేంటి’ అంటారని ఇంట్లో అలా చెప్పారు. అత్తగారు ప్రేమగానే చూసుకున్నారు. ‘కుట్లు ఊడతాయి, మంచం దిగొద్దు’ అని అన్నం కూడా మంచం దగ్గరికే తెచ్చిచ్చారు. డిశ్చార్జి కాగితంలో ‘రోజూ నడవాలి’ అని స్పష్టంగా ఉంది. ఆపరేషన్ పేరు కూడా అందులోనే ఉండటంతో ఆమె దాన్ని బీరువాలో చీరల కింద దాచేశారు!

ఆక్సిజన్ పెట్టి, రక్తం గడ్డకట్టకుండా చూసే ఇంజెక్షన్ ఇచ్చి గుంటూరు పంపాం. పిక్కలో ఏర్పడిన రక్తపు గడ్డ ముక్కలై ఊపిరితిత్తుల్లోకి చేరిందని సీటీ స్కాన్‌లో తేలింది. సమయానికి వైద్యం అందడంతో కోలుకున్నారు. అందరికీ అంత సమయం దొరకదు. అందుకే ఈ నాలుగు మాటలు.

పొట్టలో ఏం జరుగుతుంది?

టమ్మీ టక్‌లో బొడ్డు కింది భాగంలో వేలాడే చర్మాన్నీ, దాని కింది కొవ్వునూ తీసేస్తారు. కోత దాదాపు ఒక తుంటి నుంచి మరో తుంటి వరకు ఉంటుంది. కాన్పుల తర్వాత ఎడమయిన పొట్ట కండరాలను దగ్గరకు లాగి లోపల కుట్లు వేస్తారు. మిగిలిన చర్మాన్ని కిందికి లాగి కుడతారు. అంటే లోపలా, పైనా రెండుచోట్లా బిగువే. ఒక్కసారిగా నిటారుగా లేచినా, వెల్లకిలా చదునుగా పడుకున్నా ఆ బిగువు కుట్ల మీదే పడుతుంది. పడక విషయంలో చెప్పే జాగ్రత్తలన్నీ ఈ బిగువు తగ్గించడానికే.

పడుకునే తీరు ఇదీ...

* మొదటి రెండు మూడు వారాలు వెల్లకిలానే పడుకోవాలి, చదునుగా మాత్రం కాదు. వీపు వెనక రెండు మూడు దిండ్లు ఏటవాలుగా పేర్చి, తల, ఛాతీ సుమారు 30 నుంచి 45 డిగ్రీలు పైకి ఉండేలా చూసుకోవాలి. తల కింద మాత్రమే దిండ్లు పెడితే మెడ నొప్పి తప్ప ప్రయోజనం ఉండదు.
* మోకాళ్ల కింద మరో దిండు పెట్టాలి. నడుం దగ్గర శరీరం కాస్త మడతపడితే కుట్లు వదులుగా ఉంటాయి. దిండు పిక్కలను నొక్కకూడదు.
* నులక మంచం, నవారు మంచం మధ్యలో కుంగిపోతాయి. వాటి మీద నుంచి లేవాలంటే పొట్ట మీదే భారం వేయాలి. నేల మీద చాప కూడా వద్దు. మోకాలి ఎత్తున గట్టి పరుపున్న మంచం మేలు. మడత కుర్చీ లాంటి వాలు కుర్చీలో నిద్ర పట్టినా ఫర్వాలేదు. మధ్యమధ్యలో లేచి నడవాలి.
* పక్కకు తిరిగి పడుకోవడం సర్జన్ చెప్పాకే. అప్పుడు పొట్టకు ఆనించి ఒక దిండు, మోకాళ్ల మధ్య మరొకటి పెట్టుకోవాలి. బోర్లా పడుకోవడానికి కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి.
* డ్రెయిన్ గొట్టాలు ఉంటే వాటిని దుస్తులకు పిన్నుతో భద్రపరిచి, శరీరం కింద నలగకుండా చూసుకోవాలి.
* నొప్పి వల్ల నిద్ర పట్టకపోతే, డాక్టరు రాసిన నొప్పి మాత్రను పడుకునే ముందు వచ్చేలా సర్దుకోవచ్చేమో అడగండి. దానికి తోడు సొంతంగా నిద్రమాత్ర వేసుకోవద్దు. కొన్ని నొప్పి మందులతో కలిస్తే అది శ్వాసను మందగింపజేస్తుంది.

లేవడం ఒక పద్ధతి

చేతులు పట్టుకుని లాగి కూర్చోబెట్టడం మన ఇళ్లలో మామూలే. అప్పుడు పొట్ట కండరాలన్నీ బిగుసుకుంటాయి. దాని బదులు ముందు మోకాళ్లు మడవాలి. భుజాలు, తుంటి ఒకేసారి కదిలేలా దుంగ దొర్లినట్టు పక్కకు తిరగాలి. కాళ్లు మంచం దించి, కింది మోచేత్తో, పై అరచేత్తో పరుపును నొక్కుతూ లేవాలి. రెండు నిమిషాలు కూర్చుని, కళ్లు తిరగడం లేదని రూఢి చేసుకున్నాకే నిలబడాలి. దగ్గు, తుమ్ము వస్తుంటే చిన్న దిండును పొట్టకు అదిమి పట్టుకోవాలి. ఈ పద్ధతి సిజేరియన్, గర్భసంచి, హెర్నియా ఆపరేషన్లయిన వాళ్లకూ పనికొస్తుంది.

నడక మొదటి రోజు నుంచే

ఆపరేషనైతే కదలకూడదన్న నమ్మకం మనదే కాదు. ఒకప్పుడు అన్ని దేశాల్లోనూ రోగిని వారాల తరబడి పడుకోబెట్టేవారు. 1899లోనే షికాగో వైద్యుడు ఎమిల్ రీస్, పొట్ట ఆపరేషనైన వాళ్లను త్వరగా లేపి నడిపించాలని వాదించారు. ఆ మాట వైద్యలోకం ఒప్పుకోవడానికి దశాబ్దాలు పట్టింది. ఇప్పుడు అదే పద్ధతి.

కారణం తేలికే. కాళ్లలోని రక్తం పైకి, గుండెకు చేరాలంటే పిక్కల కండరాలు పంపులా పనిచేయాలి. మంచం మీద కదలకుండా ఉంటే ఆ పంపు ఆగిపోతుంది. రక్తం నిలిచి గడ్డకడుతుంది. సౌందర్య శస్త్రచికిత్సల్లో ఈ ముప్పు ఎక్కువగా ఉండేవాటిలో టమ్మీ టక్ ఒకటి. ఊబకాయం, పొగతాగే అలవాటు, గర్భనిరోధక మాత్రలు, గతంలో ఎప్పుడైనా గడ్డ ఏర్పడటం... వీటిలో ఏది ఉన్నా సర్జరీకి ముందే డాక్టరుకు చెప్పాలి.

సాధారణంగా ఆపరేషన్ రోజు సాయంత్రమో మర్నాడో, తోడుతో నాలుగడుగులు వేయిస్తారు. ఇంట్లో మెలకువగా ఉన్నంతసేపూ గంటకో రెండు గంటలకో ఒకసారి ఐదు నిమిషాలు గదిలోనే నడిస్తే చాలు. మొదటి వారం పది రోజులు నడుం కాస్త ముందుకు వంచే నడవాలి. ‘గూని వస్తుందేమో’ అని భయపడక్కర్లేదు. బిగువు తగ్గేకొద్దీ మెల్లగా నిటారుగా అవుతారు. పడుకున్నప్పుడు కూడా పాదాలను పైకీ కిందికీ ఆడిస్తూ, గంటకు పదిసార్లు గట్టిగా ఊపిరి తీసుకుని వదలాలి. బరువులు మాత్రం ఆరు వారాలు వద్దు. నీళ్ల బిందె, గ్యాస్ సిలిండర్, చంటిబిడ్డ... ఏదైనా బరువే.

మన ఇంటికి తగ్గట్టు...

* మా ప్రాంతంలో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కల్లాల్లో మిర్చి ఆరుతుంటుంది. ఆ ఘాటుకు దగ్గు, తుమ్ములు ఆగవు. సర్జరీ వాయిదా వేసుకోదగ్గదే కాబట్టి ఆ నెలలు తప్పించడం మంచిది. కుదరకపోతే కల్లానికీ, పోపు పెట్టే వంటగదికీ దూరంగా ఉన్న గదిలో ఉండాలి.
* నేల మీది మరుగుదొడ్డిలో గొంతుక్కూర్చుని లేవడం కష్టం. కమోడ్ లేకపోతే కమోడ్ కుర్చీ కొనుక్కోండి. ముక్కకుండా విరేచనం కావాలంటే నీళ్లు, పండ్లు, ఆకుకూరలు తీసుకోవాలి.
* హైదరాబాద్ నుంచి కారులో వస్తుంటే ప్రతి గంటకూ ఆపి, దిగి నాలుగడుగులు వేయాలి.
* ‘పప్పు తింటే చీము పడుతుంది, నీళ్లు తాగితే పుండు మానదు’ అనేవి అపోహలే. పుండు మానడానికి పప్పు, గుడ్డు, పాలలోని మాంసకృత్తులే ఆధారం. నీళ్లు తగ్గిస్తే మలబద్ధకం వస్తుంది, గడ్డల ముప్పూ పెరుగుతుంది.
* సర్జన్ ఇచ్చిన బెల్టు చాలు. దాని మీద బాలింతకు కట్టినట్టు నడికట్టు బిగించొద్దు. ఊపిరి ఆడదు, కాళ్ల నుంచి రక్తమూ సరిగా పైకి రాదు.
* పొట్ట మీది చర్మానికి కొన్ని నెలలు స్పర్శ తక్కువగా ఉంటుంది. వేడినీళ్ల సంచి పెడితే కాలినా తెలియదు.

ఇవి కనిపిస్తే ఆలస్యం వద్దు!

ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి, దగ్గితే రక్తం, కళ్లు తిరిగి పడిపోవడం... వీటిలో ఏది కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఒక కాలే వాచి, పిక్క నొప్పి పెడుతుంటే అదే రోజు డాక్టరుకు చూపించాలి. ఆ కాలికి నూనె రాసి పిసకడం ప్రమాదం. గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. 101 డిగ్రీలు దాటిన జ్వరం, కుట్ల దగ్గర చీము, దుర్వాసన, చర్మం నల్లబడటం, పొట్ట ఒక్కసారిగా ఉబ్బడం కనిపిస్తే సర్జన్‌ను సంప్రదించాలి.

చివరిగా ఒక్క మాట. సర్జరీ సంగతి చుట్టాలకు చెప్పాలా, వద్దా అనేది మీ ఇష్టం. ఇంట్లో మిమ్మల్ని కనిపెట్టుకుని ఉండేవాళ్లకూ, మీకు వైద్యం చేసే డాక్టరుకూ మాత్రం చెప్పి తీరాలి. మూడు నెలల తర్వాత పరీక్షకు వచ్చినప్పుడు ఆ గృహిణి అత్తగారితో కలిసి నడుచుకుంటూ వచ్చారు. ‘ముందే చెప్పి ఉంటే నేనే పొద్దునా సాయంత్రం నడిపించేదాన్ని కదా డాక్టరుగారూ’ అన్నారు ఆ పెద్దావిడ. డిశ్చార్జి కాగితం ఉండాల్సింది బీరువాలో కాదు, అందరికీ కనబడేలా గోడ మీద.

- వ్యాసకర్త ప్రభుత్వ ఆస్పత్రి ఫిజీషియన్, సత్తెనపల్లి