సౌదీలో పెరటి తోటకు దసరాయే ఏరువాక

మన ఊళ్ళలో మృగశిర కార్తెకు విత్తనం వేస్తాం. ఆ జూన్ నెలలోనే రియాద్‌లో ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది. ఇక్కడ మొక్క దక్కలేదంటే చాలాసార్లు లోపం మీ చేతిది కాదు, వేళది.

సౌదీలో తోటపని దసరాతో మొదలుపెట్టండి. అక్టోబరులో టమాటా, వంగ, మిర్చి నారు పోసి, బంతి విత్తనాలు వేయండి. మెంతికూర, పాలకూర, కొత్తిమీర చలికాలమంతా విడతలుగా చల్లుకోవచ్చు. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే టమాటా పూత నిలవదు. బెండ, గోంగూర, తోటకూర వేడికి ఓర్చుకుంటాయి కాబట్టి వాటిని ఫిబ్రవరి చివర వేయండి.

ఇసుక నేలలో నీరు నిలవదు. మట్టిలో మూడో వంతు కంపోస్టు కలపండి. రోజూ పైపైన చిలకరిస్తే నీరు ఆవిరై ఉప్పు పేరుకుంటుంది, ఆకుల అంచులు మాడతాయి. కుండీ అడుగు రంధ్రం నుంచి నీరు కారేదాకా పోసి, పై మట్టి ఆరాకే మళ్ళీ పోయండి. ఇది నదులు లేని దేశం, కుళాయి నీరు చాలావరకు సముద్రపు నీటిని శుద్ధి చేసిందే. అందుకే బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్ళు మొక్కలకే పోయండి.

పూజకు పూలు కావాలంటే మల్లె నాటండి. జిజాన్‌లో స్త్రీలు మనలాగే మల్లెలు తలలో తురుముకుంటారు. మల్లెకు ఉదయపు ఎండ, మధ్యాహ్నపు నీడ ఉండాలి.

వేసవి సెలవులకు ఊరెళ్ళేముందు కుండీలన్నీ నీడలో ఒకచోట చేర్చి, తులసిని మాత్రం ఇక్కడే ఉండే మరో కుటుంబానికి అప్పగించండి.