కల్తీ కల్లు: లెక్కకెక్కని పసికందులు

నిజామాబాద్ పట్టణంలోనూ, మంజీర పరీవాహకంలో బోధన్ నుంచి బాన్సువాడ దాకా పరచుకున్న చెరకు, వరి పల్లెల్లోనూ కల్లు మగవారికే పరిమితమైన పానీయం కాదు. కూలిపని ముగించుకుని వచ్చిన ఆడవారూ, పండుగనాడు ఇంటిల్లిపాదీ, కొన్ని ఇళ్లలో బాలింతలూ దాన్ని తాగడం తరతరాల అలవాటు. అయితే ఈత, తాటి చెట్లు ఇచ్చే కల్లుకూ, దుకాణంలో సీసాలకెక్కే కల్లుకూ పొంతన చెడి చాలాకాలమైంది. చెట్టు ఇవ్వలేనిదాన్ని నీళ్లతోనూ, శాకరిన్‌తోనూ, వాటిని మించి మత్తుమందులతోనూ పూడుస్తున్నారు. ఆ మందుల్లో ముఖ్యమైనవి మూడు: బెంజోడయాజిపైన్లనే నిద్రమాత్రల కుటుంబానికి చెందిన అల్ప్రాజోలం, డైజిపామ్, ఆ కుటుంబానికి చెందని పాతకాలపు మత్తుమందు క్లోరల్ హైడ్రేట్. మొదటి రెండూ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి వస్తాయి.

ఈ మందులకు అలవాటుపడిన మెదడుకు అవి ఒక్కసారిగా అందకపోతే వణుకు, నిద్రలేమి, భ్రమలు, మూర్ఛలు మొదలవుతాయి. వైద్యులు దీన్ని ఉపసంహరణ స్థితి అంటారు. 2015లో ఎక్సైజ్ దాడుల వల్ల మందు కలిపిన కల్లు దొరకక, నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల ఆసుపత్రులకూ, హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకూ రోగులు బారులు తీరినప్పుడు ఈ స్థితి పత్రికలకెక్కింది. 2025 ఏప్రిల్‌లో కామారెడ్డి జిల్లా నసురుల్లాబాద్, బీర్కూర్ మండలాల్లో పదుల సంఖ్యలో జనం కల్తీ కల్లు తాగి ఆసుపత్రి పాలయ్యారు; అదే ఏడాది జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో ప్రాణాలే పోయాయి. పెద్దలు గుంపుగా ఆసుపత్రికి వస్తారు గనుక వారి సంగతి ప్రభుత్వానికి తెలుస్తుంది. ఒంటరిగా, మాటలు రాకుండా పుట్టే బిడ్డ సంగతి అలా తెలియదు.

గర్భిణి తీసుకున్న డైజిపామ్ మాయను సులభంగా దాటి బిడ్డ రక్తంలో చేరుతుంది. నవజాత శిశువు కాలేయం ఇంకా పరిపక్వం కాదు గనుక, పెద్దల శరీరం వదిలించుకునే దానికన్నా చాలా నెమ్మదిగా ఆ మందును వదిలించుకుంటుంది. క్లోరల్ హైడ్రేట్ శరీరంలో మారి ఏర్పడే ట్రైక్లోరోఇథనాల్ విషయంలోనూ ఇదే జరుగుతుంది. ఫలితం రెండు రూపాల్లో కనిపిస్తుంది. కాన్పుకు ముందు దాకా మందు అందిన బిడ్డ వడలిన తోటకూర కాడలా చేతుల్లో వాలిపోయి, పాలు చీకలేక, ఒళ్లు చల్లబడి, మధ్యమధ్య ఊపిరి ఆపుతూ ఉండవచ్చు. మందు ఒంట్లోంచి దిగిపోతున్న కొద్దీ, పుట్టిన కొన్ని గంటల నుంచి సుమారు మూడు వారాల లోపు ఎప్పుడైనా, అదే బిడ్డ కాళ్లూ చేతులూ బిగదీసి, వణుకుతూ, నిద్ర లేకుండా కీచుగొంతుతో ఏడవవచ్చు. అమెరికా వైద్యురాలు లొరెట్టా ఫినెగన్ 1975లో ఇటువంటి లక్షణాలకు మార్కులు వేసే పద్ధతి రూపొందించారు గానీ, అది నల్లమందు జాతి మందులను దృష్టిలో పెట్టుకుని చేసినది. కల్లు మందులకు అది అచ్చంగా అమరదు.

చిక్కు ఏమిటంటే, రక్తంలో చక్కెర, కాల్షియం తగ్గినా, ఇన్ఫెక్షన్ సోకినా బిడ్డ ఇలాగే వణుకుతుంది, ఇలాగే పాలు మానేస్తుంది. వాటిని ముందుగా చూడవలసిందే. కానీ అవేవీ కావని తేలాక కూడా తల్లిని కల్లు సంగతి అడగకపోతే, కేసు షీటులో ఫిట్స్ అనో, ఇన్ఫెక్షన్ అనుమానం అనో రాసి బిడ్డను ఇంటికి పంపుతారు, కారణం కాగితానికెక్కదు. ప్రజారోగ్య నిఘా అంటే ఒక సమస్య ఎక్కడ, ఎందరిలో, ఎప్పుడు కనిపిస్తున్నదో క్రమంగా నమోదు చేస్తూ దాన్నిబట్టి చర్య తీసుకోవడం. కారణమే నమోదు కాని చోట నిఘాకు ఆధారమే ఉండదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం గుర్తించే 30 సమస్యల్లో అంగిలి చీలిక, పుట్టుగుండె జబ్బుల వంటివి ఉన్నాయి, గర్భంలో సోకిన మత్తు లేదు. 2004 నాటి సమగ్ర వ్యాధి నిఘా వ్యవస్థ చూపు ప్రధానంగా అంటువ్యాధుల మీద ఉంటుంది.

అలాగని కొత్త యంత్రాంగం కట్టనక్కరలేదు. ఆసుపత్రిలో కాన్పయిన బిడ్డను ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వెళ్లి చూడాలన్నది ఇప్పటికే ఉన్న నియమం. వణుకు బయటపడగల వారాలు దాదాపుగా ఇవే. ఆమె నింపే పత్రంలో కల్లు గురించి ఒక ప్రశ్న చేరితే చాలు. ఆ ప్రశ్న ఎలా అడుగుతారన్నదే అసలు పరీక్ష. అమెరికాలోని టెనెసీ రాష్ట్రం 2013 నుంచి ఇటువంటి నవజాత శిశువుల వివరాలను ఆరోగ్యశాఖకు తెలపడం తప్పనిసరి చేసి మంచి పనే చేసింది. మరుసటి ఏడాది మాత్రం గర్భంలో బిడ్డకు మత్తు హాని చేసిన తల్లిపై కేసు పెట్టే చట్టం తెచ్చింది, భయపడిన గర్భిణులు వైద్యానికే దూరమవుతున్నారన్న విమర్శల మధ్య 2016లో దాని గడువు ముగిసిపోయింది. నిజామాబాద్‌లో అడిగే మనిషి ఊరి ఆశా అక్కే గనుక, ఆమె రాసుకున్నది ఎక్సైజ్ ఠాణాకు చేరుతుందన్న అనుమానం ఒక్క ఇంట్లో పుట్టినా మిగతా ఇళ్లలో నిజం రాదు. పైగా గర్భిణిని ఒక్కసారిగా మానెయ్యమనడం కూడా ప్రమాదమే: తల్లికి మూర్ఛ వస్తే బిడ్డకు ప్రాణవాయువు తగ్గుతుంది, కాబట్టి వైద్యుని పర్యవేక్షణలో మోతాదు మెల్లగా దించాలి. దుకాణంపై దాడి జరిగిన వారంలో ఆ ఊరి గర్భిణుల జాబితా తీసి చూడడం ఆరోగ్యశాఖ పని కావాలి.

పరీక్షల విషయంలో సమాచారం ఒక దిక్కున ఉంటే, అవసరం మరో దిక్కున ఉంది. ఆసుపత్రుల్లో వాడే మామూలు మూత్రపరీక్ష పట్టీలు బెంజోడయాజిపైన్లను పట్టగలవు, క్లోరల్ హైడ్రేట్‌ను పట్టలేవు. గర్భంలో నెలల తరబడి పేరుకున్న జాడను బిడ్డ తొలి నల్లటి విరేచనం మోసుకొస్తుంది గానీ, అది మొదటి రెండు రోజుల్లోనే వెళ్లిపోతుంది. ఆశా కార్యకర్త గడప తొక్కేనాటికి దొరకదు కనుక ఆ నమూనా తీయడం కాన్పు వార్డు వంతు. ఇంకోవైపు ఎక్సైజ్ శాఖ దుకాణాల నుంచి తెచ్చిన కల్లు నమూనాలలో ఏ మందు కలిసిందో ప్రయోగశాలలో తేలుస్తుంది, ఆ నివేదిక కోర్టు కేసుకు ఆధారమవుతుంది. దాని నకలు ఒకటి నిజామాబాద్, బోధన్ ప్రభుత్వ ఆసుపత్రుల నవజాత శిశు వార్డులకు కూడా వెళితే, ఆ నెలలో ఆ మండలం నుంచి వచ్చిన బిడ్డ వణికితే ఏ మందును అనుమానించాలో డాక్టరుకు ముందే తెలుస్తుంది.