కూరగాయల టోస్ట్ – ముందు కడుగుదాం

బడి నుంచి వచ్చిన పిల్లలకు పది నిమిషాల్లో చేసిపెట్టగల ఫలహారమిది. అయితే పని కడగడంతోనే మొదలవ్వాలి.

2020 డిసెంబరులో ఏలూరులో వందలాది మంది మూర్ఛలతో ఆసుపత్రుల పాలయ్యారు. కొందరి రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయి. నిపుణులు పురుగుమందులనూ అనుమానించారు. ఆ రోజులను మనం మరువరాదు.

కీరదోస, టమాటా, కొత్తిమీరలను రెండు మూడుసార్లు బాగా కడగండి. సబ్బు వాడవద్దు. కొల్లేరు గ్రామాలవారు చెరువు నీటితో కాక, తాగేనీటితోనే కడగాలి. మందుల అవశేషాలు పూర్తిగా పోకపోయినా కొంతవరకు తగ్గుతాయి. కడిగిన తరువాతే తరగండి. కీరదోసకు చెక్కు, తాడేపల్లిగూడెం ఉల్లిపాయకు పైపొర తీసేయండి.

రొట్టె ముక్కకు కొత్తిమీర పచ్చడి రాసి, కూరముక్కలు పేర్చి, ఉప్పు, మిరియాలపొడి చల్లి, మరో ముక్క మూయండి. పెనంపై అరచెంచా నూనెతో, సన్నసెగన, గరిటెతో అదుముతూ రెండువైపులా ఎర్రగా కాల్చండి. వేడిగానే పెట్టండి.